వాక్కాయ జామ్ దానంతటదే ఎందుకు గడ్డకడుతుంది?

వానలు మొదలయ్యాక గుట్టల పక్కన, చేల గట్ల మీద ముళ్లపొదల్లో వాక్కాయలు, వాటి జాతికే చెందిన కలివిపండ్లు దొరుకుతాయి. వాక్కాయలంటే మనకు పప్పు, పచ్చడే గుర్తొస్తాయి. నన్నడిగితే, జామ్‌కి వీటిని మించినవి మన దగ్గర లేవు.

పండులో కణాలను కలిపి ఉంచే పదార్థం పెక్టిన్. 1825లో ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ బ్రాకొనో దానికి ఆ పేరు పెట్టాడు. పండును ఉడికిస్తే పెక్టిన్ రసంలోకి దిగుతుంది. దాని పోగులన్నిటి మీదా ఋణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. పైగా వాటి చుట్టూ నీరు పట్టి ఉంటుంది. పులుపు ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది, చక్కెర ఆ నీటిని లాక్కుంటుంది. అప్పుడు పోగులు దగ్గరకు చేరి వలలా అల్లుకుంటాయి, రసం అందులో చిక్కుకుంటుంది. ఇందుకు పీహెచ్ (పులుపును తెలిపే కొలత, ఎంత తక్కువైతే అంత పులుపు) 3కు అటూ ఇటూగా, చక్కెర శాతం 60 పైన ఉండాలి. వాక్కాయలో పులుపూ పెక్టినూ దండిగా ఉంటాయి. మనం చక్కెర కలిపితే చాలు, నిమ్మరసం కూడా అక్కర్లేదు.

కాయ బాగా పండేకొద్దీ ఎంజైములు పెక్టిన్‌ను ముక్కలు చేస్తాయి. అందుకే నల్లగా పండినవి మూడు వంతులైతే, దోరగా ఉన్నవి ఒక వంతు కలపాలి. రుచి పండ్లది, గట్టిదనం దోరకాయలది.

కోసేటప్పుడు తొడిమ దగ్గర తెల్లని పాలు కారి వేళ్లకు బంకలా అంటుకుంటాయి. ఇది గన్నేరు కుటుంబపు మొక్కే, గన్నేరేమో విషం. ఎదురెదురు ఆకులు, జంటగా ఉండే గట్టి ముళ్లు వాక్కాయ గుర్తులు. అయినా మొదటిసారి తెలిసినవాళ్లు చూపిస్తేనే కోయండి.

గింజలు తీసి స్టీలు గిన్నెలోనే ఉడికించండి, ఈ పులుపు అల్యూమినియాన్ని తినేస్తుంది. వేడి 104 లేదా 105 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందంటే నీరు తగినంత ఇగిరినట్టే. థర్మామీటర్ లేకపోతే చల్లటి పళ్లెంలో ఒక చుక్క వేసి, కాసేపాగి వేలితో నెట్టండి. పైన ముడత పడితే వెంటనే దించేయాలి. ఇంకా మరిగిస్తే ఆ వేడికీ పులుపుకీ పెక్టినే విరిగి జామ్ పాకంలా జారిపోతుంది.

బేకరీల్లో కేకు మీద పెట్టే ఎర్రటి ‘చెర్రీ’ కూడా చాలాసార్లు రంగు వేసి పాకంలో నానబెట్టిన వాక్కాయే.

అంత చక్కెరలో బ్యాక్టీరియా బతకడం కష్టం, బూజు మాత్రం పడుతుంది. కాబట్టి సీసాలోకి తడి చెంచా వెళ్లకుండా చూసుకోండి, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టండి.