టైఫాయిడ్ క్రిమి తెచ్చుకున్న చేబదులు

పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, సింధు నది ఒడ్డున ఇంకో హైదరాబాద్ ఉంది. 2016 నవంబరు ఆఖరి నుంచి ఆ ఊళ్లో టైఫాయిడ్ వచ్చిన పిల్లలకు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ పనిచేయడం మానేసింది. మన దగ్గరైనా టైఫాయిడ్ అనగానే అడ్మిట్ చేసుకుని ఎక్కించేది ఎక్కువగా ఆ మందే కదా, అదే పనిచేయకపోతే డాక్టరుకి ఎంత టెన్షనో ఊహించుకోండి.

1948లో క్లోరాంఫెనికాల్ వచ్చినప్పుడు టైఫాయిడ్ పీడ వదిలిందనుకున్నారు. తర్వాత అదీ, యాంపిసిలిన్, సెప్ట్రాన్, సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్కొక్కటే చేజారుతూ వచ్చాయి. సింధ్‌లో కనిపించిన క్రిమి వీటన్నిటినీ, పైగా సెఫ్ట్రియాక్సోన్‌నీ కలిపి తట్టుకుంటోంది. మాత్రల్లో అజిత్రోమైసిన్, ఇంజెక్షన్లలో మెరోపెనెమ్ లాంటి ఖరీదైనవి మిగిలాయి, అంతే.

కరాచీలోని ఆగాఖాన్ యూనివర్సిటీ ల్యాబ్‌లో పెంచిన క్రిముల జీనోమ్‌ని, అంటే వాటి డీఎన్‌ఏ రాత అంతటినీ, ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి దగ్గరున్న సాంగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లతో కలిసి మొత్తం చదివారు. టైఫాయిడ్ క్రిమి జీనోమ్‌లో సుమారు 48 లక్షల అక్షరాలుంటాయి. వచ్చినవాడు కొత్తవాడేం కాదు, దక్షిణాసియాలో ఎప్పటి నుంచో తిరుగుతున్న హెచ్58 అనే కుటుంబమే. పాత మూడు మందులనీ తట్టుకునే జన్యువులు అప్పటికే దాని క్రోమోజోమ్‌లో అతుక్కుని ఉన్నాయి. సిప్రో సంగతి ఇంకా చిత్రం: ఆ మందు పట్టుకోవాల్సిన ప్రోటీన్‌లో 83వ స్థానం ఉంది, దాన్ని రాసే జన్యువులో ఒక్కచోట సి బదులు టి పడింది, అంతే, సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ఫినైల్‌అలనిన్ అనే ఇంకోటి వచ్చి కూర్చుంది, మందుకి పట్టు దొరకడం కష్టమైపోయింది. 48 లక్షల్లో ఒక్క అక్షరం!

ఇవన్నీ పాతవే. కొత్తది ఒక్కటే, ప్లాస్మిడ్. క్రోమోజోమ్‌తో సంబంధం లేకుండా బ్యాక్టీరియా లోపల విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ చుట్ట అది. ఒక బ్యాక్టీరియా దాన్ని పక్కనున్న ఇంకో జాతి బ్యాక్టీరియాకి కూడా ఇచ్చేయగలదు, మనం పక్కింటి వాళ్ల దగ్గర చేబదులు తెచ్చుకున్నట్టు, కాకపోతే ఇచ్చినవాడి దగ్గర కూడా ఒక కాపీ ఉండిపోతుంది. ఈ ప్లాస్మిడ్‌లో సీటీఎక్స్-ఎం-15 అనే జన్యువు ఉంది, సెఫ్ట్రియాక్సోన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ అది తయారుచేస్తుంది. ఇలాంటి ప్లాస్మిడ్‌నే అంతకుముందు ఈ.కోలైలో చూసి ఉన్నారు. ఈ.కోలై అంటే మన పేగుల్లో రోజూ ఉండేదే. మనం దేనికి యాంటీబయాటిక్ మింగినా ఆ మందు దెబ్బ దానికీ తగులుతుంది, తట్టుకునే జన్యువున్నదే మిగిలి పెరుగుతుంది. టైఫాయిడ్ క్రిమి మనిషి ఒంట్లో తప్ప ఇంకెక్కడా కాపురం పెట్టదు, మరి అప్పు పుట్టింది మనుషుల పేగుల్లోనో మురుగులోనో అయి ఉండాలి. ఆ హైదరాబాద్‌లో కేసులు ఎక్కువగా వచ్చిన ఖాసిమాబాద్, లతీఫాబాద్‌లలో ఇళ్లని మ్యాప్ మీద గుర్తిస్తే అవి మురుగు లైన్ల చుట్టూనే గుమిగూడి కనిపించాయి, తాగే నీళ్లలోనూ ఈ క్రిమి డీఎన్‌ఏ దొరికింది.

ఆ ఊరికి 2018లో వెళ్లిన టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది. టైఫాయిడ్ క్రిమి ఒంటి మీద వీఐ అనే చక్కెర పొర ఉంటుంది, టీకా మన ఒంటికి నేర్పేది ఆ పొరని గుర్తుపట్టడం. లోపల ఎన్ని చేబదుళ్లు తెచ్చుకున్నా పై పొర మారలేదు కాబట్టి మందులకి లొంగని క్రిమి మీద కూడా ఆ టీకా బాగా పనిచేసింది. 2019 నవంబరు నుంచి సింధ్‌లో దాన్ని పిల్లల మామూలు టీకాల్లో చేర్చారు.

ముంబైలో కూడా సెఫ్ట్రియాక్సోన్‌కి లొంగని టైఫాయిడ్ క్రిములు దొరికాయి. చూడగానే పాకిస్తాన్ నుంచి వచ్చిందనే అనిపిస్తుంది. జీనోమ్ చదివితే ప్లాస్మిడ్ వేరు, జన్యువు కూడా వేరు, ఎస్‌హెచ్‌వీ-12. అంటే అది వేరే అప్పు, వేరే చోట చేసింది. నాకు అన్నిటికంటే భయం వేసిన సంగతి ఇదే.

ఇదంతా తెలియాలంటే ముందు క్రిమి చేతికి చిక్కాలి, అంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీసి క్రిమిని పెంచే కల్చర్ సీసాలో వేయాలి. అలా తీసినా సుమారు సగం మందిలోనే దొరుకుతుంది, మందు పడ్డాక ఇంకా తక్కువ. మన దగ్గర ఎక్కువగా జరిగేది విడాల్ టెస్ట్. అది క్రిమిని చూపించదు, యాంటీబాడీలని చూపిస్తుంది, ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. మా మేనల్లుడికి మూడు రోజులు జ్వరం తగ్గకపోతే ఒక నర్సింగ్ హోమ్‌లో విడాల్ చేసి, పాజిటివ్ అని అదే సాయంత్రం సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెట్టారు. వాడు వారం రోజులు బ్రెడ్డూ కొబ్బరినీళ్లతో గడిపి లేచి తిరిగాడు. కల్చర్‌కి రక్తం తీయమని నాకూ తోచలేదు, వాళ్లూ తీయలేదు. వాడికి వచ్చింది టైఫాయిడో కాదో మాకు ఇప్పటికీ తెలియదు.