సర్వే ఫలితం అనుకున్నట్టే వచ్చిందా? అపోహలు - వాస్తవాలు

సర్వే నివేదిక బయటికి రాగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఇది మాకు ముందే తెలుసు" అనేది ఒకటి, "అదెలా సాధ్యం?" అనేది ఇంకొకటి. మొదటి మాట పడ్డ అంకెను ఎవరూ తవ్వి చూడరు. రెండో మాట పడ్డ అంకె సాయంత్రానికల్లా వార్తల్లో శీర్షికైపోతుంది. ఫీల్డులోనూ టేబుళ్ళ దగ్గరా పనిచేసేవాళ్ళకు రెండూ చిక్కే.

అపోహ: అందరికీ తెలిసిన విషయానికి సర్వే దండగ

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనికుల మీద భారీగా సర్వేలు జరిగాయి. వాటిని సమీక్షిస్తూ 1949లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆరు ఫలితాలు వరసగా రాశాడు. బాగా చదువుకున్న సైనికుల్లో మానసిక ఇబ్బందుల లక్షణాలు ఎక్కువ. సైన్యంలో పట్నంవాళ్ళకంటే పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఉత్సాహంగా ఉన్నారు. ఉష్ణమండల దీవుల వేడిని దక్షిణ రాష్ట్రాలవాళ్ళు మిగతావాళ్ళకంటే బాగా తట్టుకున్నారు. ఇలా సాగుతుంది ఆ జాబితా. చదువుతుంటే ప్రతిదానికీ కారణం చప్పున తోస్తుంది: చదువుకున్నవాళ్ళు సున్నితం, పల్లెవాళ్ళకు కష్టం అలవాటు. అంతా చెప్పాక ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. సర్వేలో తేలింది ఆ ఆరింటికీ సరిగ్గా తలకిందులు! నిజమైన ఫలితాన్నే ముందు చెప్పి ఉంటే దానికీ అంతే సులువుగా కారణం దొరికేది.

అందుకని ఫీల్డుకు వెళ్ళేముందే అంచనాలు రాసి పెట్టుకోవాలి. "ఎక్కువే ఉండొచ్చు" అంటే కుదరదు, "40 నుంచి 50 శాతం మధ్య" అని అంకెతో రాయాలి. తేదీ వేసి, డేటాతో సంబంధం లేని మనిషి దగ్గర ఉంచాలి. సర్వే చేయించుకునేవాళ్ళ చేత కూడా రాయిస్తే తర్వాత వాదన ఉండదు.

అపోహ: ఆశ్చర్యపరిచే ఫలితమే గొప్ప ఫలితం

వింత అంకె కనబడితే మొదట అనుమానించాల్సింది డేటానే. ఆసక్తికరంగా కనబడే అంకె మామూలుగా తప్పై ఉంటుందని ఈ వృత్తిలో ఒక నానుడి ఉంది, ట్వైమన్ సూత్రం అంటారు. అంకె తప్పు కాకపోయినా, దాన్ని చదివే తీరు తప్పు కావచ్చు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వెయ్యిమంది పురుషులకు 1,020 మంది స్త్రీలు అని వచ్చింది. దేశంలో ఆడవాళ్ళ సంఖ్య మగవాళ్ళను దాటిపోయిందని వార్తలొచ్చాయి. నిజానికి ఇదే సర్వే 2005-06 విడతలోనే 1,000 అని చూపింది, ఆ తర్వాత 2011 జనాభా లెక్కల్లో తేలింది మాత్రం 943. తేడా లెక్కించే పద్ధతిలో ఉంది. ఈ సర్వే ఇళ్ళకు వెళ్ళి, ముందు రోజు రాత్రి అక్కడ ఉన్నవాళ్ళను లెక్కవేస్తుంది. సైనిక బారకాసుల్లో, హాస్టళ్ళలో, పని జరిగేచోటే వేసుకున్న షెడ్లలో ఉండేవాళ్ళు అందులో పడరు, వాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. అదే నివేదికలో, అంతకుముందు ఐదేళ్ళలో పుట్టిన పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 929 మందే. ఈ రెండంకెల్నీ పక్కపక్కన పెడితే ఆ శీర్షిక నిలబడదు.

అరుదైన గుంపుల విషయంలో ముప్పు మరో రకం. 20,000 మందిని అడిగిన సర్వేలో ఒక గుంపువాళ్ళు 1 శాతం, అంటే 200 మంది అనుకుందాం. మిగతా 19,800 మందిలో వెయ్యికి ఒక్కరు పొరపాటున పక్క గడిలో టిక్ పెట్టినా దాదాపు 20 మంది వచ్చి ఇందులో కలుస్తారు. అప్పుడు ఆ 220 మందిలో 9 శాతం అసలు ఆ గుంపువాళ్ళే కారు. "ఈ గుంపులో 8 శాతం మంది ఫలానా పని చేస్తున్నారట" అన్న సంచలనం మొత్తం పొరపాటున వచ్చి కలిసినవాళ్ళ చలవే కావచ్చు.

వింత అంకె వస్తే వెతకాల్సిన వరస ఇది. ముందు కోడింగ్, అంటే జవాబులకు అంకెలు ఇవ్వడం: 1, 2 తారుమారయ్యాయా, "తెలియదు"కు ఇచ్చిన 99 సగటులో కలిసిపోయిందా? చాలా వింతలు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత హారం: ఆ ప్రశ్న అందర్నీ అడిగారా, పై ప్రశ్నకు అవునన్నవాళ్ళనేనా? ఆపైన ఎన్యూమరేటర్ల (ఇళ్ళకు వెళ్ళి ప్రశ్నలు అడిగేవాళ్ళ) వారీగా టేబుల్ వేయాలి. 40 నిమిషాలు పట్టే ఇంటర్వ్యూ 12 నిమిషాల్లో ముగిసిన ఫారాలు, అందరి వయసులూ 0తోనో 5తోనో ముగిసే ఫారాలు ఒకరిద్దరి దగ్గరే గుట్టగా కనబడితే కారణం దొరికినట్టే. అక్కడా ఏమీ లేకపోతే వెయిట్లు (శాంపిల్ జనాభాను పోలి ఉండేలా ఒక్కో జవాబుకు ఇచ్చే బరువులు) తీసేసి ఒకసారి, వేసి ఒకసారి చూడాలి. చివరగా కొన్ని ఇళ్ళకు వేరే మనిషిని పంపి అవే ప్రశ్నలు మళ్ళీ అడిగించాలి.

ఇంకోటి, ఎన్ని టేబుళ్ళు వేస్తే ఈ వింత దొరికిందో కూడా చెప్పాలి. ఎక్కడా నిజమైన తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పోలికల్ని 5 శాతం స్థాయిలో (అంటే లేని తేడా ఉన్నట్టు కనబడే అవకాశం ఒక్కో పోలికలో 5 శాతం) పరీక్షిస్తే కనీసం ఒకటైనా "ముఖ్యమైన తేడా"గా కనబడే అవకాశం 64 శాతం.

అపోహ: అనుకున్నట్టే వచ్చింది, కాబట్టి డేటా సరైనదే

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. పైన చెప్పిన తనిఖీలన్నీ వింత అంకెకే జరుగుతాయి, అనుకున్నది వస్తే ఫారాలు ఎవరూ తిరగెయ్యరు. ఊహకు ఎదురుగా వెళ్ళిన తప్పు దొరికిపోతుంది, ఊహవైపు వెళ్ళిన తప్పు అచ్చులోకి పోతుంది. కొన్నాళ్ళకు అదే "ఇదివరకటి సర్వేలు కూడా చెప్పాయి" అనే సాక్ష్యమై కూర్చుంటుంది.

పైగా, అనుకున్న జవాబును ప్రశ్నావళే పుట్టించగలదు. కమ్యూనిస్టు దేశాల విలేకరులను అమెరికాలోకి రానివ్వాలా అని 1948లో అక్కడివాళ్ళను అడిగితే సుమారు 36 శాతం సరేనన్నారు. ఆ ప్రశ్న వేసేముందు, అమెరికా విలేకరులను రష్యా రానివ్వాలా అని అడిగినప్పుడు ఆ సంఖ్య 73 శాతానికి ఎగబాకింది. ప్రశ్న అదే, మారింది వరస మాత్రమే. కాబట్టి కీలకమైన ప్రశ్నలను సగం మందికి ఒక వరసలో, సగం మందికి తిరగేసి అడగాలి.

పరువుకు సంబంధించిన ప్రశ్నల్లో తప్పు ఎటు పోతుందో ముందే తెలుసు: ఓటేశామనేవాళ్ళు వేసినవాళ్ళకంటే ఎక్కువ, తాగామని చెప్పే మద్యం అమ్ముడైన మద్యం కంటే తక్కువ. చెప్పే మాటకూ చేసే పనికీ ఉన్న దూరాన్ని 1934లో లాపియర్ అనే పరిశోధకుడు చూపించాడు. ఒక చైనా దంపతులతో కలిసి అమెరికాలో 251 హోటళ్ళకు, భోజనశాలలకు వెళ్తే కాదన్నది ఒక్కచోటే. తర్వాత ఉత్తరం రాసి అడిగితే జవాబిచ్చినవాళ్ళలో 90 శాతానికి పైగా చైనీయులను రానివ్వబోమన్నారు. వివక్ష ఉందని నమ్మేవాళ్ళు ఆ ఉత్తరాలు చూసి "అనుకున్నదే" అంటారు, కానీ గుమ్మం దగ్గర జరిగింది వేరు.

అపోహ: లక్షలమందిని అడిగితే తప్పు రాదు

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఒక పత్రిక కోటి మందికి పోస్టుకార్డు బ్యాలెట్లు పంపింది, దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసినవి, పైగా జవాబు రాసినవాళ్ళు రాయనివాళ్ళలాంటివాళ్ళు కారు. శాంపిల్ పెంచితే ఈ రెండు లోపాలూ తగ్గవు.

అపోహ: పోయినసారి 46 శాతం, ఈసారి 49, అంటే పెరిగినట్టే

యాదృచ్ఛికంగా తీసిన 1,000 మంది శాంపిల్‌లో 50 శాతం దగ్గరి అంకెకు పొరపాటు హద్దు అటూ ఇటూ 3.1 పాయింట్లు. రెండు వేర్వేరు సర్వేల తేడా చూసేటప్పుడు అది 4.4 అవుతుంది. మూడు పాయింట్ల తేడా అందులోనే ఉంది, పెరిగిందనీ తగ్గిందనీ చెప్పలేం. ఆ వెయ్యిలో 100 మంది ఉన్న వర్గాన్ని విడిగా చూస్తే హద్దు దాదాపు 10 పాయింట్లు. పోయినసారి ఇంటికెళ్ళి అడిగి ఈసారి ఫోన్లో అడిగితే ఈ లెక్క కూడా పనికిరాదు. కనీసం ఒక విడతలో రెండు పద్ధతులనూ పక్కపక్కన నడిపి, మధ్య తేడా ఎంతో కొలిచాకే పోల్చాలి.