బోరు మోటారుకు పైథానా, సీ భాషా? ఈ తగాదాకు వెనక కథ

అనంతపురంలో ఇంజనీరింగ్ పిల్లలు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అనగానే చాలామంది బోరు మోటారు దగ్గరికే వస్తారు. కరువు సీమలో అది సహజం. ఫోన్ నుంచి మోటారు వేయాలి, నీళ్లు అందకపోతే అదే ఆగాలి, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు కాలిపోకూడదు. మోటారును నడిపే చిప్ ఉన్న బోర్డు కొన్నాక, ప్రోగ్రాము ఏ భాషలో రాయాలనే గొడవ మొదలు. పిల్లలు పైథాన్ అంటారు. "పైథాన్‌లో రాస్తే అది ఎంబెడెడ్ ఎట్లవుతుంది? సీలో రాయండి" అంటారు గైడ్ సార్. యంత్రం లోపలి చిన్న చిప్‌లో కూర్చుని దాన్ని నడిపే ప్రోగ్రామునే ఎంబెడెడ్ అంటారు.

ఒకప్పుడు ఇదే మాట సీ కూడా పడింది.

1980లో ఇంటెల్ తెచ్చిన 8051 చిప్‌లో ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు, డేటాకు 128 బైట్లు. ఫోన్‌లో తెలుగు దాచుకునే పద్ధతిలో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడుతుంది కాబట్టి ఈ వాక్యం కూడా ఆ 128 బైట్లలో పట్టదు. అంత ఇరుకులో సీ వద్దు, చిప్ ఆదేశాలను ఒక్కొక్కటిగా రాసే అసెంబ్లీలోనే రాయాలని అనుకోవడంలో తప్పేమీ లేదు. మా తరం 8085 అనే ఇంకా పాత ఇంటెల్ చిప్ ఉన్న ల్యాబ్ కిట్ మీద ఆ ఆదేశాలను హెక్స్ అంకెలుగా (పదహారు గుర్తుల లెక్క) ఒక్కో మీట వత్తి ఎక్కించింది. ఒక్క అంకె తప్పితే ప్రోగ్రామంతా తారుమారు.

సీని డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం, చిన్న చిప్‌ల కోసం కాదు. సీ ఫంక్షన్లకు (ప్రోగ్రాములోని చిన్న ముక్కలకు) స్టాక్, అంటే తాత్కాలికంగా విలువలు దాచుకునే మెమరీ కావాలి, 8051లో ఆ స్టాక్‌కు చోటే కరువు. అందుకే సీని దాని ఆదేశాల్లోకి మార్చే కంపైలర్లు ఒకేసారి నడవని ఫంక్షన్లకు అదే మెమరీని పంచిపెట్టే ఉపాయం పట్టాయి. నాకు అన్నిటికన్నా నచ్చే మలుపు ఆ తర్వాతిది. 1990లలో నార్వేలో ఇద్దరు విద్యార్థుల ఆలోచనతో పుట్టిన ఏవీఆర్ చిప్‌ను సీ కంపైలర్ రాసేవాళ్లతో మాట్లాడి, 32 రిజిస్టర్లతో (లెక్కల కోసం చిప్ లోపలే ఉండే చిన్న అరలతో) రూపొందించారు. 8051లో భాష చిప్‌కు తగ్గట్టు ఒదిగింది, ఇక్కడ చిప్ భాషకు తగ్గట్టు మారింది. 2005లో మొదలైన ఆర్డునో బోర్డులు ఆ చిప్‌లనే పిల్లల చేతికి ఇచ్చాయి.

ఇలాంటి చిన్న చిప్‌ల కోసం డేమియన్ జార్జ్ అనే ఆయన తయారుచేసిన పైథాన్, మైక్రోపైథాన్, 2014లో బయటికొచ్చింది. దానికి 256 కిలోబైట్ల ప్రోగ్రాము చోటు, 16 కిలోబైట్ల ర్యామ్ కావాలి. 32 కిలోబైట్ల ఆర్డునో యూనోలో పట్టదు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డులో ర్యామే 264 కిలోబైట్లు, అంటే 8051కు రెండు వేల రెట్లకు పైగా. చోటు కరువన్న పాత అభ్యంతరం ఇక్కడ చెల్లదు.

మిగిలింది టైమ్. వాడేసిన మెమరీని ఏరుకోడానికి మైక్రోపైథాన్ మధ్యమధ్యలో కొన్ని మిల్లీసెకన్లు ఆగుతుంది. బోరులో నీళ్లున్నాయో లేదో సెకనుకోసారి చూసే పనికి అది లెక్కే కాదు. కానీ మోటారును మెల్లగా మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టర్‌లో థైరిస్టర్లనే కరెంటు స్విచ్‌లను 50 హెర్ట్జ్ కరెంటుకు 10 మిల్లీసెకన్లకోసారి, సరైన క్షణంలో ట్రిగ్గర్ చేయాలి. అక్కడ ఆ ఆలస్యం పనికిరాదు, ఆ ముక్క సీలోనే రాయాలి. ఫోన్‌కు మెసేజ్ పంపే ముక్క పైథాన్‌లో ఉంటే నష్టం లేదు.

భాష మంచిదైతే చాలనే ధీమా కూడా వద్దు. భద్రత కోసమే రూపుదిద్దిన ఏడా భాషలో రాసిన ప్రోగ్రాముతో 1996 జూన్ 4న ఎగిరిన ఏరియన్ 5 రాకెట్, 16 బిట్లలో పట్టని సంఖ్య ఒకటి రావడంతో సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. అందుకే ఫేజ్ పోతే మోటారును ఆపే రిలేను ప్రోగ్రాముకు వదలకుండా, స్టార్టర్ డబ్బాలో విడిగా పెట్టమని పిల్లలకు చెబుతాను.