మూడు కిలోల కుక్కకి ఒక బిస్కెట్ అంటే ఎంత?

మూడు కిలోల చివావా జాతి కుక్కని పెంచుకుంటున్న ఒకావిడ మొన్న నన్ను ఒక సందేహం అడిగారు. దాని వయసు రెండేళ్లు. గిన్నెలో పెట్టింది వాసన చూసి వెళ్లిపోతుంది. చేత్తో నోటికి అందిస్తే నాలుగు పలుకులు తింటుంది. ఇప్పటికి అయిదు రకాల డ్రై ఫుడ్ మార్చారు. కొత్తది పెట్టిన రెండు రోజులూ ఆబగా తింటుంది, మూడో రోజు మళ్లీ మొహం తిప్పేసుకుంటుంది. రోజుకి ఎన్నిసార్లు పెట్టాలి, ఏం పెడితే తింటుంది అన్నది ఆవిడ ప్రశ్న. అన్నీ చెప్పాక చివర్లో ఇంకో ముక్క కలిపారు, బరువు మాత్రం తగ్గలేదట.

నాకు ఆ చివరి ముక్కలోనే సగం జవాబు దొరికింది. నిజంగా తినని కుక్క చిక్కిపోవాలి. చిక్కలేదంటే ఎక్కడో తింటోంది. ఎక్కడ, ఎంత అన్నది తేలాలంటే ముందు చిన్న కుక్క ఒంట్లో పొయ్యి ఎలా మండుతుందో చూడాలి. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కాస్త తీరిగ్గా చెప్తాను. ప్రొటీన్ ఎంత ఉండాలి, కొవ్వు ఎంత ఉండాలి అన్న సంగతులు వదిలేస్తున్నాను, అవి ప్యాకెట్ మీదే ఉంటాయి.

కాచిన పాలు కొన్ని చిన్న గ్లాసులో, కొన్ని పెద్ద గిన్నెలో పోసి పక్కపక్కన పెట్టండి. గ్లాసులో పాలు ముందు చల్లారతాయి. వేడి బయటికి పోయేది పైభాగం నుంచి, వేడి నిలవ ఉండేది లోపలి పరిమాణంలో. ఒక అంగుళం ఘనాన్ని తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు అంగుళాలు, పరిమాణం 1 ఘనపు అంగుళం. భుజాన్ని రెండింతలు చేయండి. ఉపరితలం 24 అవుతుంది, పరిమాణం 8 అవుతుంది. అంటే లోపలి ఒక్కో అంగుళానికి ఇంతకుముందు 6 చదరపు అంగుళాల ఉపరితలం ఉంటే, ఇప్పుడు మూడే. వస్తువు పెద్దదయ్యేకొద్దీ లోపలి వేడికి బయటికి పోయే దారి తగ్గుతుంది, చిన్నదయ్యేకొద్దీ పెరుగుతుంది. చిన్న కుక్క అంటే గ్లాసులో పాలు. కానీ అది చల్లారకూడదు, రాత్రీ పగలూ 38 డిగ్రీల పైనే ఉండాలి. అందుకే దాని కింద మంట పెద్దదిగా ఉండాలి.

ఈ లెక్క మొదట తేల్చింది కూడా కుక్కల మీదే. జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ రుబ్నర్ 1883లో, సుమారు మూడు కిలోల నుంచి ముప్పై ఒక్క కిలోల దాకా రకరకాల బరువులున్న కుక్కలు ఎంత వేడి పుట్టిస్తాయో కొలిచాడు. కిలో బరువుకి లెక్కేస్తే అన్నిట్లోకి చిన్న కుక్క, అన్నిట్లోకి పెద్ద కుక్క కంటే రెండింతలకు పైగా వేడి పుట్టించింది. అదే ఒంటి ఉపరితలానికి లెక్కేస్తే అన్నీ దాదాపు ఒకే దగ్గరికి వచ్చాయి. తర్వాత 1932లో స్విట్జర్లాండ్‌లో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేసిన మాక్స్ క్లైబర్, పావురం లాంటి పిట్ట నుంచి ఎద్దు దాకా లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాడు. ఉపరితలం ఒక్కటే కారణమైతే ఆ వేడి బరువుకి మూడింట రెండు (2/3) ఘాతంలో పెరగాలి. ఆయనకి నాలుగింట మూడుకు (3/4, అంటే 0.75) దగ్గరగా వచ్చింది. ఎందుకలా అన్నది ఇప్పటికీ వాదనే. 1997లో జెఫ్రీ వెస్ట్, జేమ్స్ బ్రౌన్, బ్రయాన్ ఎన్‌క్విస్ట్ అనే ముగ్గురు, కొమ్మలు చీలినట్టు చీలే రక్తనాళాల అల్లికలోనే ఆ ఘాతం దాగుందని ప్రతిపాదించారు. అందరూ ఒప్పుకోలేదు. వెటర్నరీ డాక్టర్లు రోజూ వాడే లెక్క మాత్రం క్లైబర్‌దే: కిలోల్లో బరువు తీసుకుని, 0.75 ఘాతం కట్టి, 70తో గుణిస్తే, ఊరికే పడుకుని ఉన్న కుక్కకి రోజుకి కావలసిన కేలరీలు.

0.75 ఘాతం అనగానే భయపడక్కర్లేదు. మామూలు క్యాలిక్యులేటర్ చాలు. బరువుని మూడుసార్లు గుణించి, వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కాలి. మూడు కిలోలకి: మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు 27. ఒకసారి నొక్కితే 5.2, రెండోసారి నొక్కితే 2.28. దాన్ని 70తో గుణిస్తే 160 కేలరీలు. ముప్పై కిలోల కుక్కకి ఇలాగే చేస్తే 900కి కాస్త తక్కువ వస్తుంది. కిలోకి పంచి చూస్తే చిన్నదానికి 53, పెద్దదానికి 30. బళ్లో ఘాతాంకాలు చెప్పేటప్పుడు ఇలాంటి లెక్క ఒక్కటి చేయిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరని నాకు గట్టి నమ్మకం. కానీ అక్కడ ఎక్స్‌కి వై ఘాతం అని రాసి వదిలేస్తారు.

ఇప్పుడు ఆవిడ చివావా సంగతికి వద్దాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, ఇంట్లో తిరిగే, ఎదిగిన కుక్కకి ఆ 160ని 1.6తో గుణిస్తారు. సుమారు 255 కేలరీలు వస్తుంది. ఒక్కో కుక్కకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, అయినా మొదలుపెట్టడానికి ఈ అంకె చాలు. డ్రై ఫుడ్‌లో వంద గ్రాములకి 350 నుంచి 400 కేలరీల దాకా ఉంటాయి. అంటే రోజంతటికీ 65, 70 గ్రాములు. అరచేతుల్లో పట్టేంత.

ఇక్కడే తమాషా ఉంది. కిలోకి చూస్తే చిన్న కుక్కకి ఎక్కువ కావాలి, మొత్తంగా చూస్తే చాలా కొంచెమే కావాలి. ఈ రెండూ ఒకేసారి నిజం. మొదటిది మర్చిపోతే కూన ప్రాణం మీదికి వస్తుంది, రెండోది మర్చిపోతే కుక్కకి తిండి సయించడం లేదని బెంగ మొదలవుతుంది.

ఆవిడని నేను ఒక్క పని చేయమన్నాను. ఒక రోజంతా ఇంట్లో ఎవరు ఏం పెట్టినా కాగితం మీద రాయమన్నాను. సాయంత్రానికి ఆ కాగితం మీద నాలుగు బిస్కెట్లు, ఉడికించిన గుడ్డులో సగం ముక్క ఉన్నాయి. నాలుగు బిస్కెట్లూ నలుగురు పెట్టారు, ఒకరు పెట్టిన సంగతి ఇంకొకరికి తెలియదు. ఒక మామూలు తీపి బిస్కెట్‌లో 35 కేలరీల దాకా ఉంటాయి. నాలుగింటికి 140, గుడ్డుకి ఇంకో 40, మొత్తం 180. రోజుకి కావలసిన 255లో మిగిలింది 75. డ్రై ఫుడ్‌లో అది 20 గ్రాములు. చేత్తో తినిపించిన "నాలుగు పలుకులు" ఇంచుమించు అంతే. ఆ కుక్క తిండి మానలేదు. లెక్క ప్రకారం కడుపు నింపుకుని, మిగతాది వద్దంటోంది.

రోజుకి 2000 కేలరీలు తినే మనిషితో పోలిస్తే ఈ కుక్క తిండి ఎనిమిదో వంతు. కాబట్టి దానికి ఒక బిస్కెట్ అంటే మనకి ఎనిమిది. నాలుగు బిస్కెట్లంటే ముప్పై రెండు. ముప్పై రెండు బిస్కెట్లు తిన్న మనిషి ముందు భోజనం పెట్టి, ఎందుకు తినడంలేదని బతిమాలతామా? చిరుతిండి రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదని డాక్టర్లు చెప్పేది ఇందుకే. మూడు కిలోల కుక్కకి పదో వంతంటే పాతిక కేలరీలు, బిస్కెట్‌లో ముప్పావు ముక్క. ముప్పై కిలోల కుక్కకి అదే బిస్కెట్ లెక్కలోకే రాదు.

ఇక కూనల సంగతి పూర్తిగా వేరు. మూడు నెలల చివావా కూన బరువు 800 గ్రాములు అనుకుందాం. ఎదిగే వయసు కాబట్టి పడుకున్నప్పటి లెక్కని మూడుతో గుణించాలి. రోజుకి 180 కేలరీలకు దగ్గరగా వస్తుంది. కిలోకి 220 పైనే! అరవై కిలోల మనిషి అదే వేగంతో తినాలంటే రోజుకి 13,000 కేలరీలు కావాలి. ఇంత మంటకి వెనకాల నిలవ ఎంత ఉంటుందని? గ్లూకోజ్‌ని గ్లైకోజెన్‌గా దాచుకునే కాలేయం చిన్నది, కండ చిన్నది, కొవ్వు దాదాపు లేదు. ప్రొటీన్ నుంచి గ్లూకోజ్ తయారుచేసుకునే పని కాలేయానికి ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. మెదడు మాత్రం ఒంటితో పోలిస్తే పెద్దది, దానికి గ్లూకోజ్ ఆగకుండా అందాలి. కొన్ని గంటలు తినకపోతే డెసిలీటర్ (100 మిల్లీలీటర్ల) రక్తంలో గ్లూకోజ్ 60 మిల్లీగ్రాముల కిందికి జారిపోవచ్చు. అప్పుడు కూన మగతగా ఉంటుంది, తూలుతుంది, వణుకుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. వెంటనే పంచదార పాకమో తేనెనో వేలితో చిగుళ్లకి రాసి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అందుకే మూడు నెలల లోపు రోజుకి నాలుగు నుంచి ఆరుసార్లు, ఆరు నెలల దాకా మూడు, నాలుగుసార్లు, పెద్దయ్యాక రెండు మూడుసార్లు. "ఆకలేస్తే అదే తింటుంది, వదిలేయండి" అని పెద్ద కుక్కల వాళ్లు చెప్పే సలహా ఈ కూనల విషయంలో పనికిరాదు. ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో, కొన్ని రకాల పీనట్ బటర్‌లో చక్కెరకి బదులు వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. మన ప్యాంక్రియాస్ దాన్ని పెద్దగా పట్టించుకోదు. కుక్క ప్యాంక్రియాస్ అదే చక్కెర అనుకుని ఇన్సులిన్ కుమ్మరిస్తుంది, అరగంటలోనే గ్లూకోజ్ పడిపోవచ్చు. కిలో బరువుకి 0.1 గ్రాము చాలు ప్రమాదం రావడానికి. మూడు కిలోల కుక్కకి 0.3 గ్రాము. ఒక్క గమ్ ముక్కలో అంత ఉండొచ్చు.

ఎదిగిన కుక్కకి వేళ ఎందుకు? దీనికి జవాబు రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ దగ్గర ఉంది. పావ్లోవ్ అంటే గంట, కుక్క నోట్లో లాలాజలం అని బళ్లో చెప్పి ఊరుకుంటారు. ఆయనకి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది దానికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఆయన కుక్క అన్నవాహికని మెడ దగ్గర తెరిచి ఉంచేవాడు. తిన్నది కడుపుదాకా చేరకుండా బయటికే పడిపోయేది. అయినా కొద్ది నిమిషాల్లో ఖాళీ కడుపులో జఠరరసం ఊరేది. తిండి లోపలికి వెళ్లకముందే, తినబోతున్నానన్న ఆశతోనే కడుపు పని మొదలుపెడుతుందన్నమాట. రోజంతా గిన్నె నిండుగా ఎదురుగా ఉంటే ఆ ఎదురుచూపు ఉండదు. ఖాళీ కడుపులో పెరిగి, తినగానే తగ్గే ఘ్రెలిన్ అనే ఆకలి హార్మోన్‌కి కూడా ఒక చిన్న ముక్క అందిన ప్రతిసారీ అడ్డం పడుతుంది. అందుకే ఒకే వేళకి, ఒకే చోట పెట్టి, పదిహేను, ఇరవై నిమిషాల్లో గిన్నె తీసేయాలి. మళ్లీ వేళ వచ్చేదాకా ఏమీ వద్దు. ఆరోగ్యంగా ఉన్న, ఎదిగిన కుక్కకి ఒక పూట పోతే ఏమీ కాదు.

బతిమాలి తినిపించడం గురించి కూడా చెప్పాలి. 1948లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ఎనిమిది పావురాలని పెట్టెల్లో పెట్టి, అవి ఏం చేసినా చేయకపోయినా నిర్ణీత వ్యవధికి గింజలు వచ్చే ఏర్పాటు చేశాడు. ఆరు పావురాలు ఒక్కో విచిత్రమైన పని పట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది, ఒకటి తల ఊపేది. గింజలు వచ్చినప్పుడు యాదృచ్ఛికంగా చేస్తున్న పనే గింజల్ని తెచ్చిందన్నట్టు. మూఢనమ్మకం ఎలా పుడుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపించిన ప్రయోగం నాకు తెలియదు. ఫలానా స్పూనుతో, ఫలానా సోఫా పక్కన కూర్చుని పెడితేనే తింటుందని చెప్పే యజమానుల్ని చాలామందిని చూశాను. కుక్కకి ఆ సమయానికి ఆకలి వేసింది, తిన్నది. స్పూనుకి పేరొచ్చింది.

కుక్క కూడా నేర్చుకుంటుంది, దాని పాఠం మనకంటే గట్టిది. వద్దంటే ఇంకా రుచైనది వస్తుందని దానికి అర్థమైపోతుంది. పైగా కొత్త తిండి మీద కుక్కలకి సహజంగానే మోజు ఎక్కువ, కొన్నాళ్లకి అది తగ్గిపోతుంది. ఆవిడ మార్చిన అయిదు బ్రాండ్లలో లోపం ఏమీ లేదు. ఉన్నదాన్నే గోరువెచ్చని నీళ్లతో కాస్త తడిపి పెట్టి చూడమన్నాను. వేడికి వాసన లేస్తుంది. కుక్క నాలుక మీద రుచిమొగ్గలు సుమారు 1,700, మనకి 9,000. కానీ దాని ముక్కులో వాసన పట్టే కణాలు ఇరవై కోట్లకి పైనే, మనకి యాభై, అరవై లక్షలు. దానికి తిండి ముందు వాసనే.

ఇదంతా చేసే ముందు నోరు తెరిచి చూడాలి. చిన్న దవడలో పళ్లు ఇరుక్కుని ఉంటాయి, పాచి త్వరగా పడుతుంది, చిగుళ్లు చెడతాయి. గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి, పలుకు నోట్లోకి తీసుకుని, తల పక్కకి వంచి, మళ్లీ కింద వదిలేస్తే అది మారాం కాదు, నొప్పి. నిన్నటిదాకా బాగా తిని ఈరోజు హఠాత్తుగా మానేసినా, ఇష్టమైన చిరుతిండి కూడా వద్దన్నా, వాంతులు విరేచనాలు ఉన్నా వేళల పాఠం పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించాలి.

పొద్దున్నే పసుపుపచ్చ నురగ కక్కుకుని, తర్వాత మామూలుగా ఆడుకునే చిన్న కుక్కలు ఉంటాయి. రాత్రి ఏడింటికి తిని పొద్దున్న తొమ్మిదింటిదాకా కడుపు ఖాళీగా ఉంటే పిత్తరసం పైకి ఎగదన్ని, కడుపు గోడని మండిస్తుంది. ఆవిడ చివావా కూడా వారానికోసారి ఇలా చేస్తుందట. రోజుకి తూచిన 65 గ్రాముల్లోంచే పది గ్రాములు తీసి ఉంచి, పడుకోబోయే ముందు పెట్టమన్నాను. అదనంగా కాదు, ఆ 65లోంచే.