శాంతి, అభివృద్ధి అధ్యయన ఫెలోషిప్‌లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: డిగ్రీలో మంచి మార్కులుంటే సగం పని అయిపోయినట్టే.

మార్కులు గుమ్మం దాటిస్తాయి, అంతే. ఎంపికలో చూసేది మీరు చేసిన పని. అంతర్జాతీయ సేవా సంస్థ రోటరీ ఇచ్చే శాంతి ఫెలోషిప్‌లో మాస్టర్స్‌కు సంబంధిత రంగంలో కనీసం 3 ఏళ్లు, సర్టిఫికెట్ కోర్సుకు 5 ఏళ్ల అనుభవం ఉండాలి. బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ చీవెనింగ్‌లో అనుభవం లెక్క గంటల్లో ఉంటుంది: 2,800. వాలంటీరు పని, ఇంటర్న్‌షిప్, పార్ట్‌టైమ్ ఉద్యోగం అన్నీ అందులో కలుపుకోవచ్చు. జపాన్-ప్రపంచ బ్యాంకు స్కాలర్‌షిప్‌లో అలా కుదరదు. అభివృద్ధి రంగంలో జీతమొచ్చే ఫుల్‌టైమ్ పనినే, అదీ గత 6 ఏళ్లలో చేసిన 3 ఏళ్లనే లెక్కిస్తారు. చాలామంది ఒకే రెజ్యూమే చీవెనింగ్‌కూ దీనికీ పంపి, దీని అర్హత పరిశీలనలోనే ఆగిపోతారు.

అపోహ: రోటరీలో మనవాళ్లుంటే సీటు ఖాయం.

సరిగ్గా తిరగేసి చదవండి. రోటరీ సభ్యులు, ఉద్యోగులు, వారి జీవిత భాగస్వాములు, పిల్లలు, మనవలు, తల్లిదండ్రులు అసలు దరఖాస్తుకే అనర్హులు. సభ్యత్వం వదిలేసినా 36 నెలలు ఆగాల్సిందే.

అపోహ: ఫెలోషిప్ వస్తే అడ్మిషన్ దానంతట అదే వస్తుంది.

రోటరీ ఎంపిక చేశాక కూడా స్వీడన్‌లోని ఉప్సాలా, బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ లాంటి యూనివర్సిటీకి విడిగా దరఖాస్తు చేసి సీటు తెచ్చుకోవాలి. సీటు రాకపోతే ఫెలోషిప్ నిలవదు. జపాన్-ప్రపంచ బ్యాంకు స్కాలర్‌షిప్‌కు ముందే అడ్మిషన్ చేతిలో ఉండాలి. చీవెనింగ్‌లో 3 కోర్సులు ఎంచుకుని, స్కాలర్‌షిప్ దరఖాస్తు, యూనివర్సిటీ దరఖాస్తు రెండూ సమాంతరంగా నడపాలి.

అపోహ: వ్యాసంలో పెద్ద ఆశయం కనిపించాలి.

ఎక్కువ దరఖాస్తులు మునిగేది ఇక్కడే. ‘ప్రపంచ శాంతికి కృషి చేయాలన్నది నా కల’ అన్న వాక్యం ఎవరైనా రాయగలరు, కాబట్టి అది మీ గురించి ఏమీ చెప్పదు. ‘కాలువ నీటి వంతులపై రెండు ఊళ్ల రైతుల మధ్య చర్చలు నడిపాను, ఒప్పందం కుదిరింది, కానీ దాన్ని అమలు చేసే కమిటీ మూడు నెలల్లో చీలిపోయింది. ఒప్పందాలు ఎందుకు నిలవవో చదవాలి’ అని రాస్తే పని, వైఫల్యం, చదువు అవసరం మూడూ ఒక్కచోటే దొరుకుతాయి. చదివాక ఏం చేస్తారన్నదీ ఇంతే వివరంగా ఉండాలి: ఏ సంస్థ తరహా పని, ఏ సమస్య, ఎవరితో కలిసి. ‘ఐక్యరాజ్యసమితిలో చేరతాను’ అన్నది ప్రణాళిక కాదు. పైగా చీవెనింగ్ కోర్సు అయ్యాక కనీసం 2 ఏళ్లు స్వదేశంలో ఉండాలని నిబంధన. ఆ ఏళ్లలో ఏం చేస్తారో రాయకుండా వదిలేస్తే కమిటీకి వెంటనే తెలిసిపోతుంది.

అపోహ: సిఫారసు లేఖ పెద్ద హోదా ఉన్నవాళ్లతో రాయిస్తే బరువు.

మిమ్మల్ని రెండుసార్లు చూసిన ప్రముఖుడి లేఖలో పొగడ్తలు తప్ప ఏముంటాయి? రోజూ మీ పని చూసే సూపర్‌వైజరే నయం. గడువుకు కనీసం నెల ముందు అడగండి. మీ వ్యాసం చిత్తుప్రతి కూడా ఇవ్వండి. వ్యాసంలో మీరు నడిపిన ప్రాజెక్టు లేఖలో వేరొకరి పేరు మీద కనిపించడం మామూలుగా జరిగే పొరపాటే.