ఒకటో తారీఖున ఎవరు రాలేదు?

కొన్నేళ్ల కిందటి వరకు ఆంధ్రప్రదేశ్‌లోని పల్లెల్లో పింఛను రోజు తిరునాళ్లలా ఉండేది. నెల మొదట్లో ముసలమ్మలు ఉతికిన చీర కట్టుకుని, తాతలు పైపంచె భుజాన వేసుకుని పొద్దున్నే పంచాయతీ ఆఫీసు దగ్గరికి చేరేవాళ్లు. డబ్బు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఒక్కోసారి వేలిముద్ర పడక మర్నాడు మళ్లీ రావాల్సి వచ్చేది. అది నిజంగానే కష్టం. ఎండలో కళ్లు తిరిగి పడిపోయినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ అరుగు మీద కూర్చున్నంతసేపు ఎవరి మనవరాలికి సంబంధం కుదిరింది, ఎవరి మోకాళ్లు పట్టేశాయి అనే మాటలు నడిచేవి. వాటన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉండేది: "ఆవిడ ఈ నెల రాలేదేం?" ఆ ఒక్క ప్రశ్నతో ఎవరో ఒకరు సాయంత్రం వాళ్లింటికి వెళ్లి చూసొచ్చేవాళ్లు.

2020 ఫిబ్రవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం ఊరూరా పెట్టిన వాలంటీర్లు పింఛను ఇంటికే తెచ్చిచ్చారు. 2024 జులై నుంచి గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగులు తెస్తున్నారు. మంచం దిగలేని మనిషికి ఇంతకంటే మేలు లేదు. అయితే నడవగలిగిన పెద్దవాళ్లు కూడా ఆ రోజున గడప దాటనక్కర్లేకుండా పోయింది. పెద్దవాళ్ల కోసం మన ప్రభుత్వాలు ఏం చేశాయో వరసగా చూసుకుంటూ వస్తే, చాలా మేళ్లు ఇలాగే జరిగాయనిపిస్తుంది. డబ్బు, మందు, రక్షణ ఒక్కొక్కటిగా వచ్చాయి. తోడు సంగతి మాత్రం చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

ముందు డబ్బు. ముసలితనంలో ప్రభుత్వం ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణంలోనే ఉంది. అయినా దేశమంతటికీ ఒక వృద్ధాప్య పింఛను రావడానికి 1995 ఆగస్టు 15 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు, అదీ 65 ఏళ్లు దాటిన దిక్కులేనివాళ్లకు. తర్వాత కేంద్రం తన వాటాను 200 చేసి, వయసును 60కి తగ్గించింది. 80 దాటితే 500. అసలు పెరుగుదల రాష్ట్రాల నుంచే వచ్చింది. 2014లో రెండు తెలుగు రాష్ట్రాలూ వెయ్యి రూపాయలు చేశాయి. 2019లో తెలంగాణ 2,016 చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో మెట్టు మెట్టుగా పెరిగి 2024లో 4,000 అయింది. చేతిలో సొంత డబ్బున్న అవ్వకు ఇంట్లో దక్కే మర్యాదే వేరు. మనవడికి పది రూపాయలు ఇవ్వగలగడం కూడా ఆరోగ్యమే అని నేను నమ్ముతాను.

ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ల కథ వేరు. 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను దయతో ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చింది. రక్షణ శాఖ ఆర్థిక విభాగంలో పనిచేసి రిటైరైన నకారా ఆ కేసు వేశారు. అందుకే ఇప్పటికీ డిసెంబర్ 17న మన ఊళ్లలో పెన్షనర్ల సంఘాలు పండగ చేస్తాయి, పెద్ద వయసువాళ్లకు శాలువాలు కప్పుతాయి. కరువు భత్యం (డీఏ) బకాయిల కోసం పెట్టుకున్న ఈ సంఘాలే తెలియకుండా ఇంకో పని చేశాయి. రిటైరైన మాస్టార్లు, గుమాస్తాలు పొద్దున పేపరు చదువుకోవడానికి, సాయంత్రం చదరంగం ఆడుకోవడానికి ఒక చోటు దొరికింది. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకో ట్రెజరీకో వెళ్తే పాత స్నేహితులు కలిసేవాళ్లు. 2014 నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు బతికే ఉన్నామని ఫోన్లోనే చెప్పొచ్చు. మళ్లీ అదే కథ: శ్రమ తప్పింది, కలుసుకునే రోజూ తప్పింది.

పొలం పనికి పోయినవాళ్లకు, జీవితమంతా వంటింట్లో గడిపినవాళ్లకు ఇలాంటి సంఘం లేదు. వాళ్ల సంఘం ఇల్లే. ఆ ఇల్లు చిన్నదైపోవడం ఈ కథలో అసలు మలుపు.

దానికి పిల్లలు విదేశాలకు పోవడం ఒక్కటే కారణమని అనుకుంటాం. అంతకంటే ముందే పిల్లల సంఖ్య తగ్గింది. తెలుగు నేల మీద కుటుంబ నియంత్రణ చాలా గట్టిగా సాగింది. ఇద్దరు పుట్టగానే, పాతికేళ్లయినా నిండకుండానే ఆడవాళ్లు ఆపరేషన్ చేయించుకోవడం మామూలైపోయింది. 1994 పంచాయతీరాజ్ చట్టంతో, ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి వీల్లేదన్న నిబంధన వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. 2021 నాటి అంచనాల్లో ఆ రాష్ట్ర జనాభాలో 60 దాటినవాళ్లు 12.4 శాతం. దేశం సగటు 10 శాతం పైచిలుకే. 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. కానీ ఇద్దరితో ఆపేసిన ఆ తల్లులే ఇప్పుడు అరవైలోకి వచ్చారు. ఒకరు హైదరాబాదులో, ఒకరు డల్లాస్‌లో ఉంటే ఊళ్లో ఎవరున్నట్టు? డల్లాస్ వెళ్లినా ఉన్నది ఆరు నెలలు. కారు నడపడం రాదు, పక్కింటివాళ్ల భాష రాదు. మనవడు స్కూలుకెళ్తే ఇంట్లో ఒక్కరే.

ఈ మార్పుకు చట్టం ఇచ్చిన జవాబు 2007లో వచ్చింది. తల్లిదండ్రుల పోషణ చట్టం కింద పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, నెలకు 10,000 వరకు భరణం ఇప్పించొచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, మాట తప్పితే వెనక్కి తీసుకోవచ్చు. మంచి చట్టమే. కొడుకు రోజుకో పూట కూర్చుని మాట్లాడాలని మాత్రం ఆ చట్టంలో లేదు. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో విడిగా పడకలు, ఫిజియోథెరపీ తెచ్చింది.

ఒంటరితనాన్ని నేరుగా పట్టించుకున్న తొలి ప్రయత్నాల్లో ఒకటి హైదరాబాదులోనే మొదలైంది. 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ నగర పోలీసులతో కలిసి వృద్ధుల కోసం ఒక హెల్ప్‌లైన్ పెట్టాయి. అదే పెరిగి 2021లో దేశమంతటికీ 14567 ఎల్డర్‌లైన్ అయింది. పింఛను సమస్యలు, వేధింపులు, ఆశ్రమాల వివరాలతో పాటు మనసు బాగాలేక ఫోన్ చేసినవాళ్లతోనూ మాట్లాడతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ మాటకు ఆలస్యంగానే వచ్చింది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి వ్యాయామం చేయాలని, 65 దాటితే తూలిపోకుండా నిలబడే వ్యాయామం వారానికి మూడు రోజులైనా చేయాలని ముందునుంచీ చెబుతోంది. సామాజిక సంబంధాల మీద కమిషన్ వేసింది 2023 నవంబర్‌లో. 2025 జూన్‌లో వచ్చిన ఆ కమిషన్ నివేదిక ప్రకారం ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8.7 లక్షలకు పైగా మరణాలకు దానితో సంబంధం ఉంది. నిజానికి నడక, తోడు రెండూ వేర్వేరు కావు. విశాఖ బీచ్‌రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు. రోజూ అక్కడికి వచ్చే పెద్దవాళ్లను చూడండి. డాక్టరు చెప్పాడని మొదలుపెట్టినవాళ్లు కూడా ఏళ్ల తరబడి మానకుండా వస్తున్నారంటే, అవతల ఎవరో ఎదురు చూస్తున్నారు కాబట్టే.

పల్లెలో ఆ పని చేయడానికి కొత్త పథకం అక్కర్లేదు. మంచాన ఉన్నవాళ్లకు ఇంటికే ఇవ్వండి. నడవగలిగి, రావాలనుకున్నవాళ్లకు ఒకటో తారీఖున గ్రామ సచివాలయం దగ్గర ఒక షామియానా, కూర్చోడానికి కుర్చీలు, బీపీ, షుగరు చూసే ఊరి నర్సు (ఏఎన్ఎం), తలా ఒక గ్లాసు టీ ఏర్పాటు చేయండి. డబ్బులు తీసుకుని వెంటనే ఇంటికి పొమ్మనకండి. ఆవిడ ఈ నెల ఎందుకు రాలేదో వాళ్లే అడిగి కనుక్కుంటారు.