పాత కారు బీడింగ్‌ను లాగి అతికించకండి

ఒక పాత కారు తలుపు చుట్టూ ఊడిపోయిన రబ్బరు బీడింగ్‌ను మొదటిసారి నేనే మళ్లీ అతికించాను. గాడిలో నీటుగా కూర్చోవాలని కొంచెం బిగువుగా లాగుతూ చుట్టూ తిప్పుకొచ్చాను. చివర్లో రెండంగుళాలు మిగిలితే బ్లేడుతో కోసేశాను. మర్నాడు పొద్దున చూస్తే రెండు కొసల మధ్య వేలు దూరేంత సందు. పై మూలల్లోనైతే బీడింగ్ వంపును వదిలేసి, బిగించి కట్టిన తాడులా గాల్లోకి లేచి ఉంది. జిగురు మంచిది కాదేమో అనుకున్నాను. తప్పు జిగురుది కాదు. నేను కోసేసిన రెండంగుళాలు మిగులే కాదు, లాగడం వల్ల వచ్చిన పొడవు.

రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు. మామూలుగా చిక్కుపడ్డ దారపు ఉండల్లా ఉంటాయి, లాగితే వరసకు వస్తాయి. వాటిని మళ్లీ ఉండచుట్టేది వేడి వల్ల అణువుల్లో ఎప్పుడూ ఉండే కదలికే. అందుకే సాగదీసిన రబ్బరును వేడి చేస్తే ఇంకా గట్టిగా ముడుచుకుంటుంది. ఒక రబ్బరు బ్యాండును పెదవులకు ఆనించి గభాలున లాగి చూడండి, వెచ్చగా తగులుతుంది. కాసేపు అలాగే పట్టుకుని వదిలితే చల్లబడుతుంది. ఇంగ్లండులో జాన్ గాఫ్ అనే చూపులేని శాస్త్రజ్ఞుడు ఇలా పెదవులతోనే కనిపెట్టి 1805లో ప్రకటించాడు. యాభై ఏళ్లకు పైగా గడిచాక, 1859లో, జేమ్స్ జౌల్ అనే ఇంగ్లండు భౌతిక శాస్త్రజ్ఞుడు కొలతలు తీసి అది నిజమేనని చూపించాడు.

బీడింగ్ పనికి ఇది నేరుగా వర్తిస్తుంది. లాగి అతికించిన రబ్బరు ఎండలో నిలబెట్టిన కారు మీద ఇంకా బలంగా వెనక్కి గుంజుతుంది. గట్టిపడిన రబ్బరును హెయిర్ డ్రయ్యర్‌తో మెత్తబరచడం మంచిదే, కానీ వదులుగా బల్ల మీద ఉన్నప్పుడే.

లాగకూడదనడానికి రెండో కారణం ఓజోన్. నేలకు దగ్గరి గాలిలో ఇది పది కోట్ల భాగాలకు కొన్ని భాగాలే ఉంటుంది. సహజ రబ్బరుకు అంత చాలు. గొలుసులో కార్బన్ పరమాణువులను రెండేసి బంధాలు కలిపే చోట్లను జంట బంధాలంటారు. సరిగ్గా అక్కడే ఓజోన్ గొలుసును తెంపుతుంది. బిగువు లేని చోట తెగిన కొసలు దగ్గరగానే ఉంటాయి కాబట్టి పెద్దగా ఏమీ కనబడదు. లాగి ఉన్న చోట మాత్రం తెగిన ప్రతి చోటా సందు పడి, కింద కొత్త రబ్బరు బయటపడి, పగులు లోతుకు దిగుతుంది. అందుకే ఆ పగుళ్లు ఎప్పుడూ లాగిన దిశకు అడ్డంగా ఉంటాయి. ఏ పాత బీడింగ్ మూల దగ్గరైనా వంపు బయటి వైపు చూడండి, సన్నటి గీతలు వరసగా కనబడతాయి. 1960ల నుంచి వాడకంలోకి వచ్చిన ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు గొలుసు వెన్నులో జంట బంధాలు లేవు, కాబట్టి దానికి ఈ బాధ తక్కువ. కానీ అది జిగురును అంత తేలిగ్గా పట్టదు.

మరి కొత్తది కొనకుండా పాతదాన్నే ఎందుకు బతికించాలి? కొత్తగా పోసిన బీడింగ్ ఒక మిల్లీమీటరు లావైనా తలుపు సరిగా పడదు. పాతది ఏళ్ల తరబడి అదే తలుపు కింద నలిగి, ఆ ఆకారాన్నే తనదిగా చేసుకుని ఉంటుంది. పగుళ్లు లోతుగా లేకపోతే నా ఓటు పాతదానికే. విప్పేముందే ఏ మూల ఎక్కడిదో సుద్దతో గుర్తు పెట్టుకోండి.

శుభ్రం చేసేటప్పుడు చాలామంది పెట్రోలుతో తుడుస్తారు. దయచేసి వద్దు. పెట్రోలు సహజ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, పొడవూ పెరుగుతుంది. ఆ స్థితిలో అతికిస్తే ఆరాక ముడుచుకుంటుంది. లాగి అతికించడానికీ దీనికీ తేడా లేదు. పైగా రబ్బరును మెత్తగా ఉంచే నూనెలను కూడా అది కడిగేస్తుంది. సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. మెరుపు కోసం కొట్టే సిలికాన్ స్ప్రే జిగురును అసలు పట్టనివ్వదు. గాడిలో తుప్పు ఉంటే గీకి ప్రైమర్ వేయాలి. లేదంటే జిగురు తుప్పును పట్టుకుంటుంది, ఆ తుప్పు రేకును వదిలేస్తుంది.

కాంటాక్ట్ జిగురును రెండు వైపులా పల్చగా పూసి, వేలికి అంటుకోనంతవరకు ఆగాలి. తొందరపడితే ద్రావకం లోపలే చిక్కుకుపోతుంది. ముందు నాలుగు మూలలు కూర్చోబెట్టండి, తర్వాత వాటి మధ్య బిందువులు. మిగిలిన రబ్బరును లాగకుండా, బొటనవేలితో గాడిలోకి నెడుతూ రండి. కొంచెం ఎక్కువైనట్టు అనిపించినా కోయకండి. ఒత్తుకుని కూర్చున్న రబ్బరు రెండు కొసలనూ ఒకదానికొకటి తోస్తుంది, అతుకు దానంతటదే మూసుకుంటుంది. కొసలను కలపడానికి సూపర్ గ్లూ ఒక చుక్క సరిపోతుంది. పొడవంతా పూస్తే పెళుసుగా గట్టిపడి, తలుపు వేసిన ప్రతిసారీ విరుగుతుంది.

జిగురు పక్కకు జరిగే బలాన్ని బాగా ఆపుతుంది, అంచు నుంచి ఒలిచే బలానికి లొంగిపోతుంది. సెల్లోటేపును మూల పట్టుకుని లాగితే ఎంత తేలిగ్గా వస్తుందో తెలుసుగా. బీడింగ్ కూడా కొసల దగ్గరే లేవడం మొదలుపెడుతుంది కాబట్టి నేను అక్కడ ఒక రాత్రంతా టేపు వేసి ఉంచుతాను.

ఆ మొదటి తలుపు బీడింగ్‌ను మొత్తం విప్పి, జిగురు ఒలిచి, రెండు రోజులు బల్ల మీద వదులుగా పడేశాను. కోసిన రెండంగుళాల ముక్క అదృష్టవశాత్తు చెత్తబుట్టలోనే ఉంది. దాన్ని మళ్లీ మధ్యలో పెట్టి, ఈసారి లాగకుండా నెట్టుతూ అమర్చాను. చుట్టూ సరిగ్గా సరిపోయింది. గడప దగ్గర కింది అంచున ఇప్పుడు ఒకటికి రెండు అతుకులున్నాయి, తలుపు మాత్రం మెత్తగా పడుతోంది.